పాత కంప్యూటరు తెర, మన తెలుగు అక్షరం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు మన పాఠశాల చరిత్రను కన్నులకు కట్టినట్లు వివరించారు. 1960 మే 1వ తేదీన మహారాష్ట్ర అవతరించడానికి పూర్వమే, షోలాపూర్ ఇంకా బొంబాయి రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, మగ్గాల చప్పుడు మధ్య తెలుగు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టిన బడి మనది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, పక్క పేటలో కన్నడం, ఉర్దూ వినిపించే ఈ ఊరిలో తెలుగు బడి ఇన్నేళ్లు నిలిచిందంటే అది ఇక్కడ కూర్చున్న కుటుంబాల పట్టుదల వల్లనే. దానిని గురించి నేను మళ్లీ చెప్పనవసరం లేదు.

నిర్వాహకులు నాకు ‘పాఠశాలలో కంప్యూటర్ విద్య’ అనే అంశాన్ని అప్పగించారు. అది సముద్రమంత విషయం. అందులో నుండి నేను చెంబెడు నీళ్లు మాత్రమే తీసుకుంటాను. పాత కంప్యూటరు తెర మీద ఎన్ని గళ్లు ఉండాలి, ఎన్ని రంగులు ఉండాలి అన్నదే నేను మాట్లాడబోయే విషయం. మొదటిదాన్ని స్క్రీన్ రిజల్యూషన్ అంటారు, రెండవదాన్ని కలర్ సెట్టింగ్ అంటారు. ఇంత పెద్ద సభలో ఇంత చిన్న సంగతా అని మీకు అనిపించవచ్చు. మెకానిక్‌కు చెప్పవలసిన మాటలు మోఠ్యా బాయి మనకెందుకు చెబుతున్నదని వెనుక వరుసలోని పూర్వ విద్యార్థులు నవ్వుకోవచ్చు కూడా. కాని ఈ చిన్న సంగతి తెలియకపోవడం వల్ల నేను ఒక బిడ్డకు అన్యాయం చేయబోయాను. ముందుగా అది చెప్పి, మిగిలినది తరువాత మనవి చేస్తాను.

అది 2001వ సంవత్సరం. అప్పటికి నేను తెలుగు ఉపాధ్యాయినిని. పుణెలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పూర్వ విద్యార్థులు కొందరు, తమ కార్యాలయాలలో తీసివేసిన ఆరు కంప్యూటర్లను బడికి పంపించారు. ఇక్కడి చాదర్లు అక్కడ దించి ఖాళీగా తిరిగివస్తున్న లారీలో, పాత దుప్పట్లు చుట్టుకొని అవి వచ్చాయి. పధ్నాలుగు అంగుళాల గాజు గొట్టం మానిటర్లు, లోపల విండోస్ 98. వాటికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒక్కొక్కదాని ముందు ఇద్దరిద్దరు పిల్లలను కూర్చోబెట్టాము.

తెలుగు పుస్తకాలు మనకు ఎప్పుడూ కొరతే. పాఠ్యపుస్తకాలు బాలభారతి ముద్రించి ఇస్తుంది. పై చదువుకు కథల పుస్తకం కావాలంటే మాత్రం హైదరాబాదు వెళ్లే చుట్టానికి చీటీ రాసి ఇవ్వవలసిందే. అందుచేత డి.టి.పి. పని చేసే పూర్వ విద్యార్థి ఒకరి సాయంతో కొన్ని కథలను తెలుగులో టైపు చేయించి ఆ కంప్యూటర్లలో పెట్టాము. వారానికి ఒకసారి పిల్లల చేత తెర మీద చదివించి, వారి పఠనాన్ని గురించి ఒక పుస్తకంలో రెండు మాటలు రాసేదాన్ని.

ఆ సంవత్సరం దీపావళి సెలవులలో రెండు యంత్రాలు చెడిపోయాయి. బయటి మనిషి ఎవరో వచ్చి విండోస్ మళ్లీ ఎక్కించి వెళ్లాడు. యంత్రాలు నడిచాయి, మేము సంతోషించాము. తెర మీద బొమ్మలు మునుపటికన్నా పెద్దవిగా, కొంచెం మొరటుగా కనిపించాయి. పుట మొత్తం తెరలో పట్టలేదు. పిల్లలు అస్తమానం పక్కకు జరుపుకుంటూ చదవలేరని నేనే అక్షరాల పరిమాణం తగ్గించి పుటను తెరలో ఇమిడ్చాను. పుట వెనుక కంటికి చల్లగా ఉంటుందని లేత పసుపు రంగు కూడా వేయించి ఉంచాము. ఇవన్నీ మంచికే చేశాననుకున్నాను.

సెలవుల తరువాత ఏడవ తరగతి బాలిక ఒకతె ఆ రెండింటిలో ఒకదాని ముందు కూర్చుని మార్కండేయుని కథ చదవడం మొదలుపెట్టింది. మన ఊరిలో ఆ కథ తెలియని ఇల్లు ఉండదు. కాని మేము టైపు చేయించినది గ్రాంథికపు వాసన ఉన్న పాఠం. ‘కఠోర తపస్సు’ అన్న చోట ఆ పిల్ల ‘కరోర తపస్సు’ అన్నది. ‘శితికంఠుడు’ అని శివునికి ఉన్న పేరును ‘శితికంరుడు’ అన్నది. ‘మనోరథము’ను ‘మనోరధము’ అన్నది. నేను సరిదిద్దిన కొద్దీ తడబాటు హెచ్చింది. చివరకు గొంతు పూడుకుపోయి చదవడం మానివేసింది. అదే యంత్రంలో ఉన్న మరాఠీ పాఠాన్ని చదివించాను. ఒకటి రెండు చోట్ల తప్ప గడగడా చదివింది.

నేను పుస్తకంలో ఇలా రాశాను: ‘తెలుగు పఠనంలో అశ్రద్ధ. అక్షరాలు సరిగా గుర్తించదు.’ మరునాడు తండ్రిని పిలిపించాను. మరాఠీ బాగా వస్తున్నది గనుక వచ్చే ఏడు మరాఠీ మాధ్యమంలో చేర్పిస్తే నయమేమో ఆలోచించమన్నాను. తెలుగు బడిలో తెలుగు ఉపాధ్యాయిని అన్న మాట అది.

ఆయన ఒక చాదర్ల కార్ఖానాలో జాకార్డు మగ్గానికి డిజైను గీసి, అట్టలు కొట్టే పని చేసేవాడు. నా మాట విని ఆయన వాదించలేదు. “ఆ పాఠం నాకొకసారి చూపిస్తరా బాయీ?” అని మాత్రం అడిగాడు. కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదువుకుంటూ పోయాడు. ఆ మాట దగ్గరకు వచ్చి ఆగాడు. “ఈడ ‘ర’ ఉన్నది బాయీ. ‘ఠ’ ఏది?” అన్నాడు. “అదిగో, నడుమ చుక్క ఉంది కదా” అంటూ నేను వేలు పెట్టాను. పెట్టి చూస్తే అక్కడ చుక్క లేదు. ఉన్నది ఖాళీ వలయమే. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశాను, లేదు. ఆ కథను నేను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. ప్రతి మాటా నాకు కంఠస్థం. నా కన్ను తెర మీద లేని చుక్కను ఇన్నాళ్లూ చదువుతూ వచ్చింది. ఆ పిల్లకు మాట తెలియదు గనుక, ఉన్నది ఉన్నట్లు చదివింది.

“పువ్వుకు గళ్లు తక్కువైతే నడుమ బొట్టు పడదు బాయీ. మా గ్రాఫుల గూడ గంతే” అన్నాడాయన. తరువాత తెర మీద పసుపు భాగాన్ని చూపించి, “కావల్సిన కాడ చుక్క లేదు, అక్కరలేని కాడ మస్తుగున్నయ్” అని నవ్వాడు. లేచేటప్పుడు ఒక్కటే అడిగాడు: “ఆ పుస్తకంల రాసింది కొట్టేస్తరా?” నేను ఆ రెండు వాక్యాలనూ కొట్టివేసి, పక్కన తేదీ వేసి సంతకం చేశాను. ఆ అమ్మాయి పదవ తరగతి వరకు ఇక్కడే, తెలుగులోనే చదువుకున్నది.

ఇక ఆ తెరలో జరిగినదేమిటో చెబుతాను. దీనిని ఆయన పోలికతోనే చెప్పడం తేలిక. తెర ఒక గళ్ల కాగితం. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. 640×480 అంటే అడ్డంగా 640 గళ్లు, నిలువుగా 480 వరుసలు, మొత్తం 3,07,200 గళ్లు. 800×600 అంటే 4,80,000. 1024×768 అంటే 7,86,432. జాకార్డు డిజైనులో పువ్వు రేకు వంపు నున్నగా రావాలంటే గళ్లు ఎక్కువ కావాలి. తక్కువ గళ్లలో గీస్తే వంపు మెట్లుమెట్లుగా వస్తుంది. తెర మీద అక్షరానికీ అదే న్యాయం.

1987లో ఐ.బి.ఎం. సంస్థ తన పి.ఎస్./2 కంప్యూటర్లతో వి.జి.ఎ. అనే తెర పద్ధతిని ప్రవేశపెట్టింది. అందులో 640×480 గళ్లకు 16 రంగులు. తరువాత వచ్చిన పి.సి.లన్నిటికీ ఇది ఇంచుమించు మాతృభాష వంటిది అయిపోయింది. తెరను నడిపే కార్డుకు తగిన డ్రైవర్ అనే ప్రోగ్రాం దొరకనప్పుడు విండోస్ 98 ఈ మాతృభాషలోకే దిగిపోతుంది. మా దీపావళి మనిషి విండోస్ ఎక్కించాడు గాని ఆ డ్రైవర్‌ను ఎక్కించలేదు. యంత్రం నడుస్తూనే ఉన్నది గనుక లోపం ఎవరికీ తెలియలేదు.

పధ్నాలుగు అంగుళాల మానిటరులో కనిపించే భాగం వెడల్పు సుమారు ఇరవై ఆరున్నర సెంటీమీటర్లు. అందులో 640 గళ్లు పరిస్తే సెంటీమీటరుకు 24 గళ్లు వస్తాయి. నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న అక్షరానికి దక్కేది తొమ్మిదో పదో వరుసలు. 800 పరిస్తే పన్నెండు. 1024 పరిస్తే పదిహేను. అంగుళానికి 600 చుక్కలు వేసే లేజర్ ప్రింటరులో ఇదే అక్షరానికి తొంభైకి పైగా దక్కుతాయి. కాగితం మీద నిక్షేపంగా ఉన్న పాఠం తెర మీద ఎందుకు కుంటుతుందో ఇప్పుడు మీకు బోధపడి ఉంటుంది.

ఆంగ్లాక్షరాలకు పది వరుసలు ఎక్కువే. ఎనిమిది గళ్ల వెడల్పు, ఎనిమిది గళ్ల ఎత్తులో ఆంగ్లాన్ని చూపించి పని జరుపుకున్న కంప్యూటర్లు ఎన్నో వచ్చాయి. మన అక్షరం సంగతి వేరు. ‘ఠ’ను చూడండి. వలయానికి పై గీత ఒక వరుస, ఖాళీ ఒక వరుస, చుక్క ఒక వరుస, మళ్లీ ఖాళీ ఒక వరుస, కింది గీత ఒక వరుస. అక్కడికే అయిదు. దాని మీద తలకట్టు. గుడి, గుడిదీర్ఘం వస్తే వాటికి పైన చోటు వదలాలి. కింద ఒత్తులకు చోటు వదలాలి. ‘రాష్ట్రము’లో ష కింద ట, దానితో ర ఒత్తు. ‘లక్ష్మి’లో క కింద ష, దాని కింద మ. పది వరుసలలో ఇవన్నీ సర్దుకోవలసి వస్తే వలయానికి మిగిలేది నాలుగు వరుసలే. నాలుగు వరుసలలో చుక్కకు చోటు లేదు. కంప్యూటరు ఏమి చేస్తుంది? చుక్కను వదిలివేస్తుంది, లేదా వలయాన్ని మొత్తం నింపివేస్తుంది. ‘థ’లో చుక్క పోతే అది ‘ధ’ అవుతుంది. కింద ఉండే చిన్న నిలువు గీత పోతే ‘ఫ’ ‘ప’ అవుతుంది, ‘భ’ ‘బ’ అవుతుంది, ‘ఛ’ ‘చ’ అవుతుంది, ‘ఢ’ ‘డ’ అవుతుంది. దేవనాగరిలో ‘ఠ’కు నడుమ చుక్క లేదు, గీతలు ఎక్కువగా నిటారుగా ఉంటాయి, గళ్లలో అవి తేలికగా కూర్చుంటాయి. అందుకే ఆ పిల్ల మరాఠీ బాగా చదివింది. నేను దానిని చూసి తెలుగు రాదని తీర్పు చెప్పాను.

రంగుల సంగతి కూడా ఇందులోనే ఉన్నది. పదహారు రంగులలో మేము కోరిన లేత పసుపు లేదు. లేని రంగును కంప్యూటరు ఎలా చూపిస్తుందంటే, ఉన్న పసుపు గళ్ల నడుమ తెల్ల గళ్లు చల్లుతుంది. దూరం నుండి చూస్తే లేత పసుపే. దగ్గర నుండి చూస్తే నువ్వులు చల్లినట్లు ఉంటుంది. పోగుల రంగులు రెండే ఉన్నప్పుడు మూడవ రంగు భ్రమ కల్పించడానికి మన నేతగాళ్లు చేసే పని కూడా ఇదే. చాదరు మీద అది అందం. అక్షరం వెనుక అది ఉపద్రవం. సున్నకూ చుక్కకూ ప్రాణం ఉన్న లిపి వెనుక చుక్కలు చల్లితే చదివేవారి గతి ఏమిటి?

మన పూర్వ విద్యార్థి ఒకరు ఆదివారం నాడు వచ్చి ఆ యంత్రాలను విప్పి చూసి, తెర కార్డులో 1 మెగాబైట్ జ్ఞాపకశక్తి ఉన్నదని చెప్పారు. అప్పుడు ఆయన నల్లబల్ల మీద వేసిన లెక్క నాకు ఎంతో నచ్చింది. తరువాత గణితం తరగతిలో కూడా దానిని వాడుకున్నాము. ఒక మెగాబైట్ అంటే 10,48,576 బైట్లు. ఒక గడికి ఒక బైట్ ఇస్తే 256 రంగులు చూపవచ్చు. రెండు బైట్లు ఇస్తే 65,536 రంగులు. మూడు ఇస్తే 1,67,77,216 రంగులు. ఇప్పుడు గళ్లతో గుణించి చూడండి. 1024×768కు గడికి ఒక బైట్ చొప్పున 7,86,432. పడుతుంది. 800×600కు రెండు బైట్ల చొప్పున 9,60,000. ఇదీ పడుతుంది. 640×480కు మూడు బైట్ల చొప్పున 9,21,600. ఇది కూడా పడుతుంది. కాని 1024×768కు రెండు బైట్లు ఇద్దామంటే 15,72,864 కావాలి, పట్టదు. గళ్లు పెంచితే రంగులు తగ్గాలి, రంగులు పెంచితే గళ్లు తగ్గాలి. ఉన్న జీతంలో ఇల్లు నడిపే తల్లులకు దీనిని విడమరిచి చెప్పనవసరం లేదు. పాత కంప్యూటరులో గళ్ల మీట జరిపితే రంగుల సంఖ్య దానంతట అదే పడిపోవడం చూసి యంత్రం చెడిపోయిందని భయపడేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

మూడింటిలో మేము ఏది తీసుకున్నాము? పిల్లల్లో కొందరు 1024 అన్నారు, పెద్ద అంకె కదా. కాని గాజు గొట్టం మానిటరుకు తన సొంత గడి ఒకటి ఉంటుంది. అద్దం వెనుక ఉన్న రంగు చుక్కల మధ్య దూరం ఆ రోజుల మానిటర్లలో సాధారణంగా 0.28 మిల్లీమీటర్లు. సెంటీమీటరుకు 36 చుక్కలు కూడా రావు. 1024 పరిస్తే సెంటీమీటరుకు 38 గళ్లు కావాలి. లేని దారపు పోగుల మీద డిజైను గీసినట్లే. అంకె పెద్దదే, అక్షరం మాత్రం మసక. పైగా 256 రంగులతో భూగోళం పాఠంలోని పటాలు అలుక్కుపోయాయి. అందుచేత 800×600, రెండు బైట్ల రంగు మాకు సరిపోయింది. ఈ రెండు బైట్ల పద్ధతిలో ఎరుపుకు 32 మెట్లు, నీలానికి 32 మెట్లు, ఆకుపచ్చకు మాత్రం 64 మెట్లు ఇస్తారు. మానవ నేత్రానికి ఆకుపచ్చలోని తేడాలు ఎక్కువగా తెలుస్తాయి గనుక ఆ పక్షపాతం. చదువుకునే పాఠానికి ఈ 65,536 రంగులు ధారాళంగా చాలు. ఛాయాచిత్రంలో ఆకాశం చారలు చారలుగా కనిపిస్తే కనిపించనివ్వండి.

అక్షరం వెనుక రంగులు వేయడం కూడా ఆనాటితో మానుకున్నాము. తెల్లని పుట, నల్లని అక్షరం. తెలుపు మరీ మెరిస్తే మానిటరు కింది మీటతో వెలుగు తగ్గించుకోవచ్చు. పుటకు రంగు పూయడం కన్నా అది మేలు.

మార్చే విధానం విండోస్ 98లో కష్టమైనది కాదు. ఖాళీ తెర మీద మౌస్ కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, సెట్టింగ్స్ పుట తెరిస్తే ఒక పక్క రంగులు, ఒక పక్క గళ్లు ఉంటాయి. మార్చిన తరువాత ‘ఇలాగే ఉంచమంటారా’ అని యంత్రం అడుగుతుంది. పదిహేను సెకన్లలో మనం అవునని చెప్పకపోతే పాత స్థితికి తిరిగిపోతుంది. ఈ పదిహేను సెకన్లు పాత మానిటరు వాడేవారికి ఒక వరం. ఒకసారి నేను పెద్ద అంకె పెట్టగానే తెర నల్లబడింది. గాబరాపడి ఎంటర్ మీట నొక్కాను. అంటే అవునని చెప్పాను! నల్లని తెరే నిలిచిపోయింది. అటువంటప్పుడు కంప్యూటరును ఆపి, మళ్లీ వెలిగించేటప్పుడు ఎఫ్8 మీట నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. ఇందాక చెప్పిన 640, పదహారు రంగుల మాతృభాషలో అది తెరుచుకుంటుంది, అక్కడ సరిదిద్దుకోవచ్చు. తెర నల్లబడితే చేతులు కట్టుకుని ఇరవై అంకెలు లెక్కపెట్టండి అని నేను మా ఉపాధ్యాయులకు చెబుతుంటాను.

గాజు గొట్టం తెరకు మరొక గుణం ఉంది. అది సెకనుకు ఇన్నిసార్లని మళ్లీ మళ్లీ వెలుగుతుంది. అరవైసార్లయితే చాలామందికి మినుకుమినుకుమంటున్నట్లు ఉంటుంది, తలనొప్పి వస్తుందని పిల్లలు చెప్పేవారు. తెరను సూటిగా కాక పక్కచూపుతో చూస్తే ఆ మినుకు బాగా తెలుస్తుంది. 75కో 85కో పెంచితే నిలకడగా ఉంటుంది. గళ్లు ఎక్కువైన కొద్దీ ఈ అంకె తగ్గుతుంది, అది కూడా 800×600నే ఎంచుకోవడానికి ఒక కారణం. మానిటరు పుస్తకంలో చెప్పినదానికి మించి పెంచవద్దు. కొన్ని పాత మానిటర్లు పాడయ్యే ప్రమాదం ఉన్నది.

ఇక్కడికి ఆ తరం సంగతి అయింది. ఇప్పుడు మా గదిలో గాజు గొట్టాలు లేవు. 2012లో పూర్వ విద్యార్థుల దయ వల్లనే పదిహేడు అంగుళాల బల్లపరుపు తెరలు, విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత యంత్రాలు వచ్చాయి. వాటిని ఇంకా వాడుతున్నాము. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సంస్థ తన మద్దతును 2014 ఏప్రిల్ 8న ముగించింది గనుక వాటికి ఇంటర్నెట్ తీగ తగిలించము. చదువుకోవడానికి, టైపు నేర్చుకోవడానికి అవి భేషుగ్గా ఉన్నాయి. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇటువంటివి మూల పడి ఉంటాయి గనుక ఈ భాగాన్ని కొంచెం శ్రద్ధగా వినండి.

ఈ తెరలు వచ్చినప్పుడు మేము మళ్లీ ఒక పొరపాటు చేశాము. ఈసారి దిక్కు మారింది. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని, పాత అనుభవం కొద్దీ, అన్నిటినీ 800×600కు మార్చాము. అక్షరాలు పెద్దవి అయ్యాయి, కాని నూనె కాగితం చాటు నుండి చూసినట్లు అలుక్కుపోయాయి. కారణం ఏమంటే, బల్లపరుపు తెరలో గళ్లు పుట్టుకతోనే చెక్కి ఉంటాయి. పదిహేడు అంగుళాల చదరపు తెరలో సాధారణంగా అవి 1280×1024. మనం 800 అడిగితే ఒక్కొక్క గడిని అడ్డంగా గడిన్నరకు పైగా సాగదీయాలి. గడిలో ఆరు పాళ్లు వెలిగించడం కుదరదు గనుక పక్కగడిని సగం వెలుగుతో మసకబరుస్తుంది. పైగా నిలువుగా సాగేది అడ్డంగా సాగేదానికన్నా ఎక్కువ. మన సున్న కోడిగుడ్డు అయిపోతుంది. కాబట్టి బల్లపరుపు తెరకు దాని సొంత గళ్లే పెట్టాలి, ఇందులో రాజీ లేదు. పదిహేను అంగుళాల పాత తెరలకు అది చాలావరకు 1024×768. తెర వెనుక చీటీలోనో, పుస్తకంలోనో రాసి ఉంటుంది.

మరి అక్షరం చిన్నదైతే? గళ్లు తగ్గించకుండా అక్షరాన్నే పెద్దది చేయాలి. ఎక్స్‌పీలో సెట్టింగ్స్ పుటలోని అడ్వాన్స్‌డ్‌లో 96కు బదులు 120 డి.పి.ఐ. అని ఎంచుకుంటే అన్ని అక్షరాలూ నాలుగో వంతు పెరుగుతాయి. అంటే అదే అక్షరానికి ఎక్కువ గళ్లు దక్కుతాయి, చుక్కకు చోటు దొరుకుతుంది. గళ్లు తగ్గించి పెద్దది చేస్తే గడి లావవుతుంది గాని గళ్ల సంఖ్య పెరగదు. ఈ రెండింటికీ ఉన్న భేదం తెలియక పిల్లల కళ్ల ముందు మసక తెరలు పెట్టిన కార్యాలయాలను, బడులను నేను చాలా చూశాను.

ఎక్స్‌పీలో క్లియర్‌టైప్ అని మరొక సదుపాయం ఉన్నది. మొదట అది ఆపివేసి ఉంటుంది, అప్పియరెన్స్ పుటలో ఎఫెక్ట్స్ అన్న చోట మనమే తెరవాలి. ఒక్కొక్క గడిలో ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలను విడివిడిగా వాడుకుని అంచులను నునుపు చేస్తుంది. బల్లపరుపు తెర మీద ఇది మంచిదే. కాని అడ్డదిశలోనే నునుపు చేస్తుంది, నిలువుదిశలో కాదు. ఒకదాని కింద ఒకటి ఒత్తులు పేర్చుకునే మన లిపికి కావలసిన సాయం నిలువుదిశలోనే ఎక్కువ. అందుచేత దానిని నమ్ముకుని అక్షరాన్ని చిన్నది చేయరాదు. ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు అక్షరమాల వస్తుంది. దానిని మేము పద్నాలుగు పాయింట్లకు తక్కువ పెట్టము, వరుసకూ వరుసకూ మధ్య ఎడం కొంచెం పెంచుతాము. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది.

రంగులకు ఇక్కడ 32 బిట్లే పెట్టండి. జ్ఞాపకశక్తి చాలినంత ఉంటుంది. పాత విద్యా సి.డి.లు కొన్ని 256 రంగులు లేనిదే నడవమని మొండికేస్తాయి. వాటికోసం తెర మొత్తం మార్చనక్కరలేదు. ఆ ఒక్క ప్రోగ్రాముకు మాత్రం కంపాటిబిలిటీ పుటలో ఆ గుర్తు పెడితే చాలు.

ఇన్ని చెప్పిన తరువాత, తెర సరిగా అమరినదో లేదో ఎవరు చూడాలన్న ప్రశ్న ఒకటి మిగులుతుంది. మా గదిలో ఉపాధ్యాయులు చూడరు. నాతో సహా ఎవరమూ చూడము. ఇందుకు ఒక కాగితం ఉన్నది. దానిని ప్రతి సంవత్సరం ఎనిమిదవ తరగతి పిల్లలు తయారు చేస్తారు. అందులో అర్థమున్న మాట ఒక్కటి ఉండకూడదు. రఠర, థధద, ఫపష, బభబ, ఢడడ, ష్ఠ్య, క్ష్మ, స్త్రీకు ముందు ఒకటి, వెనుక ఒకటి ఏదో అక్షరం, ఇలా ఇరవై వరుసలు. అర్థమున్న మాట రాస్తే చదివేవారు ఊహించి చెప్పేస్తారు గనుక వద్దని సూచించినది ఎవరో కాదు, ఆనాటి ఆ ఏడవ తరగతి అమ్మాయే. ఎనిమిదవ తరగతి రాసినదాన్ని తెర మీద పెట్టి అయిదవ తరగతి పిల్లల చేత చేయి చాపినంత దూరంలో కూర్చుని చదివిస్తాము. మూడు తప్పులు దాటితే ముందుగా తెరను సరిచూస్తాము. తెర సరిగా ఉన్నదని తేలిన తరువాతనే పిల్లవాడి సంగతి ఆలోచిస్తాము. అలా ఇద్దరు పిల్లలకు కంటి అద్దాలు అవసరమని కూడా బయటపడింది.

పఠనం పుస్తకంలో కూడా ఒక గడి పెంచాము. పిల్లల పేరు పక్కన, నేను రాసే రెండు మాటలకు ముందు, ఏ యంత్రం మీద చదివారో దాని సంఖ్య రాయాలి. మొన్న జూన్ నుండి మూడవ సంఖ్య యంత్రం దగ్గర తప్పులు హెచ్చుగా కనిపిస్తే చూశాము. ఎవరో పిల్లవాడు ఆట ఆడుకోవడానికి 1024×768కు మార్చి వదిలేశాడు.

ఈ సభ ముగిసిన తరువాత కంప్యూటరు గది సాయంత్రం ఆరు గంటల వరకు తెరిచే ఉంటుంది. ఆ ఇరవై వరుసల కాగితం ప్రతులు గుమ్మం దగ్గర బల్ల మీద ఉంచాము. ఇంట్లో కంప్యూటరు ఉన్నవారు తలా ఒకటి తీసుకువెళ్లండి. కాని మీరు చదవకండి, పిల్లల చేత చదివించండి. 2001లో వచ్చిన ఆ ఆరింటిలో ఒక మానిటరును కూడా గది మూలలో నిలిపి ఉంచాము. అది ఇప్పటికీ వెలుగుతుంది. మార్కండేయుని కథ 640×480లో, పదహారు రంగులలో, లేత పసుపు పుట మీద తెరిచి పెట్టి ఉంటుంది. పూర్వ విద్యార్థులు చూసి వెళ్లవలసిందిగా మనవి చేస్తున్నాను.